రూపాయి చలానా, మూడు వందల కుర్చీలు

అడిగిన ప్రశ్న: "ఎమ్మెల్యేల ఖర్చుల లెక్కలు మామూలు జనం చూడవచ్చా? చూడాలంటే ఏం చేయాలి?"

చూడవచ్చు. రూపాయి ఇస్తే చాలు.

ఈ మాట వినగానే అందరూ సమాచార హక్కు చట్టం, పది రూపాయల దరఖాస్తు, 30 రోజుల గడువు, అప్పీళ్లు అంటూ మొదలుపెడతారు. గెలిచాక తీసుకునే జీతభత్యాలు, ప్రయాణ బిల్లుల కోసమైతే ఆ దారే, శాసనసభ సచివాలయానికి రాసుకోండి. నేను చెప్పేది గెలవడానికి పెట్టిన ఖర్చు గురించి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ప్రతి అభ్యర్థీ, ఓడినవాడితో సహా, జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పజెప్పాలి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వది చూడండి. రూపాయి రుసుము కట్టిన ఎవరైనా ఆ లెక్క తెరిచి చూడవచ్చని రాసి ఉంది. అభ్యర్థుల ఆస్తుల అఫిడవిట్లను వాట్సాప్‌లో తిప్పుతూ నోరెళ్లబెట్టే జనం ఈ లెక్క వైపు మాత్రం తొంగి చూడరు.

నాకెలా తెలుసంటే, మాది షామియానా దుకాణం. మా నాన్న పెట్టింది. పెళ్లిళ్లు, దినకార్యాలు, ఐదేళ్లకోసారి ఎన్నికలు. 2024 ఎన్నికల్లో మా ఊరి మార్కెట్ యార్డులో ఒక అభ్యర్థి సభకు 3,200 కుర్చీలు వేశాను. నావి 1,100, మిగతావి చుట్టుపక్కల మూడు దుకాణాల నుంచి అరువు తెచ్చాను. నాయకుణ్ణి చూడాలని జనం కుర్చీలెక్కి నిలబడ్డారు. తెల్లారి లెక్కపెడితే 46 విరిగాయి. పెళ్లివారైతే విరిగినదానికి డబ్బు కట్టి, పైగా సంచీలో లడ్డూలు పెట్టి పంపుతారు. రాజకీయ సభలవాళ్లకు విరిగిన కుర్చీ కనబడదు.

సాయంత్రం కార్యకర్త ఒకడు వచ్చి, "అన్నా, బిల్లు మూడు వందల కుర్చీలకే రాసివ్వు, మిగతాది చేతికిస్తాం" అన్నాడు. రాసిచ్చాను. దాచి లాభం లేదు, నా చేత్తోనే రాసిచ్చాను. శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు కాబట్టి ఇలాంటి బిల్లులు ప్రతి ఊళ్లోనూ పుడతాయి. మిగతా డబ్బు మాత్రం చేతికి రాలేదు.

జూలైలో ఆ కోపంతోనే జిల్లా కేంద్రానికి వెళ్లాను. ఎన్నికల సెక్షన్‌లో కూర్చున్న గుమస్తా 88వ నియమం పేరే విన్నట్టు లేడు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోండి అన్నాడు. నేను అచ్చు తీయించుకుని వెళ్లిన కాగితం ముందు పెడితే సూపరింటెండెంటు గారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన రెండుసార్లు చదివి, "ఇవన్నీ మీకెందుకండీ?" అన్నారు. ఎందుకో చెప్పాల్సిన పని లేదని ఆ నియమం చదివితే తెలుస్తుంది, కానీ ఆయన వయసు చూసి ఊరుకున్నాను. చివరికి రూపాయికి చలానా తీసి రమ్మన్నారు. చలానా నింపినందుకు నెట్ సెంటరువాడు ఇరవై తీసుకున్నాడు. ఈ దేశంలో రుసుము ఎప్పుడూ తక్కువే, అది కట్టే దారి ఖర్చే ఎక్కువ.

ఆ అభ్యర్థి లెక్క తెచ్చి బల్ల మీద పెట్టారు. రోజువారీ ఖర్చుకు తెల్ల కాగితాలు, నగదుకు గులాబీ కాగితాలు, బ్యాంకుకు పసుపు కాగితాలు. శుభలేఖల దుకాణంలో కూర్చున్నట్టుంది. టీ కప్పులు, ఇడ్లీ ప్లేట్లు, ఆటోలు, అన్నీ అధికారులు ముందే ఖరారు చేసిన ధరల పట్టీ ప్రకారం వరుసగా ఉన్నాయి. నా బిల్లు దొరికింది. మూడు వందల కుర్చీలు, నా సంతకం. దాని వెనకే ఒక నోటీసు నకలు. సభలను వీడియో తీసే ఎన్నికల అధికారుల బృందం లెక్క ప్రకారం ఆ సభలో సుమారు 2,500 కుర్చీలు ఉన్నాయట, మిగతావాటి సంగతి చెప్పమని అభ్యర్థిని అడిగారు. అభ్యర్థి తరఫు జవాబు ఒక్కటే వాక్యం: మిగిలిన కుర్చీలు అభిమానులు తమ ఇళ్ల నుంచి తెచ్చుకున్నారు.

ఆ నోటీసుకు ఫొటో ఒకటి జతచేశారు. వరుసల కొద్దీ ఎర్ర కుర్చీలు, ప్రతి వీపు మీదా తెల్ల రంగుతో మా దుకాణం పేరు. కావాలంటే అచ్చు ఎక్కడ చెరిగిందో కూడా చెప్పగలను. మా ఊళ్లో వేలమంది ఇళ్లలో మా దుకాణం కుర్చీలున్నాయన్నమాట! పకపకా నవ్వాను. గుమస్తా తలెత్తి చూశాడు.

అందుకే చెబుతున్నాను, ఈ లెక్కలు చదవాల్సింది పత్రికలవాళ్లు, ఉద్యమకారులు మాత్రమే కాదు. ఇడ్లీ వేసినవాడు, ఆటో తిప్పినవాడు, మైకు కట్టినవాడు చదవాలి. ఆ కాగితాల్లో ఏది అబద్ధమో వాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు కదా, అభ్యర్థి లెక్క చూసి ఏం లాభం అని మా బావమరిది వాదిస్తాడు. పార్టీలు అసలు సమాచార హక్కు కిందికే రావడం లేదు. 2013లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు వస్తాయని తేల్చినా ఒక్కటీ లెక్కచేయలేదు. అది నిజమే. అయినా కుర్చీ దగ్గర అబద్ధం పట్టుకోలేనివాళ్లం హెలికాప్టరు దగ్గర పట్టుకుంటామా?

సమాచార హక్కు దారిలో వెళ్తే, ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వం అనే సాకు ఒకటి ఈ మధ్య బలపడింది. ప్రజా ప్రయోజనం ఉంటే అలాంటి సమాచారమూ ఇవ్వవచ్చన్న మాటను 2023 నాటి డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నుంచి ఎత్తేసింది. నష్టం కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2) ఇంకా ఉందని వకీళ్లు అంటారు. గుమస్తాకు ఆ 8(2) చూపించి ఒప్పించండి, చూద్దాం.

మరి ఫిర్యాదు చేశావా అంటారా? ఏమని చేయను? మిగతా 2,900 కుర్చీల అద్దె అడగాలంటే మూడు వందల బిల్లు నేనెందుకు రాశానో ముందు చెప్పాలి. ఆ బాకీ అలాగే ఉంది. విరిగిన 46 కుర్చీలు గోడౌను వెనక, చినిగిన షామియానా గుడ్డ కింద ఉన్నాయి.