తెర పెద్దదైతే తప్పులు తగ్గుతాయా?

ప్రశ్న: 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో రెండు ఫైళ్ల లెక్కలు సరిచూడటం నా పని. ఒకటి చూసి, విండో మార్చి, రెండోదానితో పోల్చుకోవాలి. సాయంత్రమయ్యేసరికి తప్పులు దొర్లుతున్నాయి. పెద్ద తెర కొంటే ఉపయోగం ఉంటుందా?

జవాబు: మీ పనికి తప్పకుండా ఉంటుంది. ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్దినదాన్ని కాబట్టి మీ అవస్థ నాకు తెలుసు. వ్రాతప్రతి ఎడమవైపు, ప్రూఫు కుడివైపు పెట్టుకుని, రెండింటి మీదా చెరో వేలు ఆనించి చదివేదాన్ని. అదే పని మొదటిసారి చిన్న తెర మీద చేసిన రోజు, 6,893 అని చదివి విండో మార్చేలోగా అది నా మనసులో 6,839 అయిపోయింది. ప్రూఫులోనూ 6,839 అనే ఉంది. సరిపోయిందనుకుని ముందుకు వెళ్లాను! అక్కడ పొరబడింది కన్ను కాదు, ఆ అంకెను క్షణంసేపు మోసిన జ్ఞాపకం. రెండూ పక్కపక్కనే కనబడితే ఆ మోత ఉండదు.

14 అంగుళాల నుంచి అదే ఆకారంలో ఉన్న 24 అంగుళాల తెరకు మారితే వైశాల్యం దాదాపు 3 రెట్లవుతుంది. రెండు ఫైళ్లూ హాయిగా పడతాయి.

అయితే అన్ని పనులకూ ఇంత లాభం ఉండదు. 2003లో పరిశోధకుడు డెస్నీ టాన్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. పెద్ద తెరను దూరంగా, చిన్న తెరను దగ్గరగా పెట్టి, రెండింటి మీదా బొమ్మ కంటికి ఒకే పరిమాణంలో కనబడేలా చేశారు. చదివి అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దిక్కులు, కోణాలు ఊహించే పనిలో మాత్రం పెద్ద తెర ముందు కూర్చున్నవారు సుమారు 26 శాతం మెరుగ్గా చేశారు. కాబట్టి కేవలం చదువుకోవడానికైతే కొనమని చెప్పను.

మరీ పెద్దది మరీ దగ్గరగా కూడా వద్దు. చేయి చాచి బొటనవేలు చూడండి. కంటికి స్పష్టంగా కనబడేది ఇంచుమించు ఆ వేలి వెడల్పు మేరకే, సుమారు 2 డిగ్రీలు. మిగతాదంతా చూపు తిప్పి వెతుక్కోవాలి, మెడ కూడా తిప్పాల్సి వస్తుంది. మౌస్ బాణానికీ అదే శ్రమ: గురి ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, అంత ఆలస్యమని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రీకరించారు. అందుకే ఫైళ్లను తెర చెరో చివరకూ నెట్టకండి. పోల్చవలసిన రెండు వరుసలూ తెర నడుమ, ఒకే ఎత్తులో, అంచులు తగిలేలా పెట్టుకోండి.