వంద తగ్గించారు, మరి డబ్బు ఎటు పోయింది?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ, నయీంనగర్. ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, ఇద్దరు పిల్లలు. నెల సామానుకని ఆరు వేలు పక్కకు పెడతాం. సూపర్ మార్కెట్ వాళ్లు ఇచ్చే కూపన్లు, ఫోన్‌లో వచ్చే కోడ్‌లు ఒక్కటి కూడా వదలకుండా వాడుతున్నాను. అయినా నెలాఖరుకు ఏడు వేలు దాటుతోంది, టెన్షన్‌గా ఉంది. 999 రూపాయలకు కొంటే వంద తగ్గించిన ఒక బిల్లు పంపిస్తున్నాను, ఇంటి నుంచి రాసుకుని పోయిన వాటికి పెన్నుతో టిక్ పెట్టాను. కూపన్లు మానేయాలా?

జవాబు: మానేయొద్దు చెల్లెమ్మా. మీరు టిక్ పెట్టి పంపి చాలా మంచి పని చేశారు, ఎందుకంటే జవాబు ఆ బిల్లులోనే ఉంది. టిక్ ఉన్నవి పల్లి నూనె రెండు ప్యాకెట్లు, కందిపప్పు కిలో, బట్టల సబ్బులు, టూత్‌పేస్ట్. కూడితే 642 రూపాయలు. టిక్ లేనివి కూల్‌డ్రింక్ పెద్ద సీసా, నూడుల్స్ పెద్ద ప్యాకెట్, రూమ్ ఫ్రెషనర్, ఈ మూడూ కలిపి 376. మొత్తం 1018, కూపన్ పోను మీరు కట్టింది 918. అంటే 642తో బయటపడాల్సిన చోట వంద తగ్గుతుందని ఇంకో 276 పెట్టారు. నెలకు నాలుగుసార్లు ఇట్లా అయితే పదకొండు వందలు, మీ లెక్క తప్పుతున్నది సరిగ్గా అంతే కదా!

ఇందులో మీ తప్పేం లేదు, ఆ 999 అనే అంకె పెట్టేదే అందుకు. ఆరేడు వందలకు కొనే మనిషిని ఇంకో మూడు వందల దాకా లాగడానికి. కాబట్టి ముందు లిస్టు రాసుకోండి, ఆ తర్వాతే కూపన్ తీయండి. లిస్టు 640 దగ్గర ఆగితే ఈ వారం ఆ కూపన్ మీది కాదనుకోండి. గడువు ఉంటే వచ్చే నెలకు ఎట్లాగూ కావాల్సిన సర్ఫ్, గిన్నెల సబ్బు, ప్యాడ్లు, ఒంటి సబ్బులు ఇప్పుడే కలిపి 999 చేసుకోండి. ఇవి పాడయ్యేవి కావు, పిల్లలు ఒక్క రోజులో ఖాళీ చేసేవీ కావు, అందుకే కూపన్ నిజంగా పనికొచ్చేది వీటి మీదే. తినే వాటిలో మాత్రం జాగ్రత్త. కూపన్ ఉంది కదా అని నేను ఒకసారి వానాకాలంలో నాలుగు కిలోల బొంబాయి రవ్వ తెచ్చాను, ఇరవై రోజులకు డబ్బా మూత తీస్తే తెల్లటి తీగల్లా కట్టుకుని అంతా పురుగే. సగానికి పైగా పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. రవ్వ, మైదా, శనగపిండి నెలకు సరిపోయేంతే తెచ్చుకోండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే.

ఇక యాప్ కోడ్‌లు. '20 శాతం తగ్గింపు' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింద చిన్నగా 'గరిష్ఠంగా 60 రూపాయలు, కనీస ఆర్డర్ 499' అని ఉంటుంది. 499కి 20 శాతం అంటే దగ్గర దగ్గర వంద రావాలి, వచ్చేది అరవయ్యే, అంటే 12 శాతం. అదే కోడ్ వెయ్యి రూపాయల ఆర్డర్‌కు పెడితే ఆరు శాతమే. పైగా డెలివరీ, హ్యాండ్లింగ్ అని ఇంకో ముప్పై నలభై పడిందంటే మిగిలేది అంతంతే. అందుకే శాతాన్ని పక్కన పెట్టి, చివరలో మీరు కట్టే మొత్తాన్నే చూడండి. డబ్బులు కట్టే ముందు బుట్టను ఒకసారి పైనుంచి కిందికి చదవండి, మనం వేయనివి కూడా ఒక్కోసారి అందులో చేరిపోయి ఉంటాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఇట్లాంటి మోసపు పద్ధతులు పదమూడింటిని నిషేధించింది, అడగకుండా బుట్టలో వేయడం కూడా వాటిలో ఒకటి.

ప్యాకెట్ బరువు చూడటం అన్నిటికంటే ముఖ్యం, కానీ మనలో చాలామంది చూడం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అచ్చం అంతే కనిపించే 850 గ్రాముల ప్యాకెట్ ఉంటుంది, దాని మీద పది రూపాయల కూపన్ ఉంటుంది. తక్కువకే వచ్చిందనుకుంటాం, నూనే 60 గ్రాములు తక్కువ. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తారు. అయితే అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క, కూపన్ పోయాక ఎంత పడుతుందో ఫోన్‌లో మనమే భాగించుకోవాలి, అర నిమిషం పని.

బియ్యానికీ ఇదే లెక్క. 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది, అంతకు మించితే లేదు, అందుకే షాపుల్లో 26 కిలోల బస్తాలు కనిపిస్తాయి. కూపన్ పోను 25 కిలోల బస్తా 1450కి వస్తే కిలో 58, ఏ కూపన్ లేకుండా 26 కిలోల బస్తా 1456 అంటే కిలో 56. బస్తా ధర చూస్తే మొదటిదే చవక అనిపిస్తుంది.

ఇంకో మాట, మీ గల్లీ కిరాణం ఆయన్ని మర్చిపోకండి. నెల సామాను మొత్తం ఒకేసారి రాసిచ్చి, రొక్కం ఇస్తాం, ఎంతకిస్తావన్నా అని అడగండి. పేస్టు మీద నాలుగు, సర్ఫ్ మీద పది తగ్గించేవాళ్లు ఉన్నారు, అడగందే మాత్రం ఎవరూ తగ్గించరు. అక్కడ 999 చేయాలన్న రంధి ఉండదు.

ప్రశ్న: కూపన్ మీద గడువు ఇంకా వారం ఉంది. అయినా కౌంటర్‌లో ఆఫర్ అయిపోయిందన్నారు. ఏం చేయాలి? (పరకాల పాఠకుడు)

జవాబు: వెనక షరతులు చదవండి. 'స్టాక్ ఉన్నంత వరకే', 'ఎంపిక చేసిన వస్తువులకే' అని రాసి ఉంటే వాదించి లాభం లేదు. అట్లాంటిదేం లేకపోతే కూపన్ రెండు వైపులా ఫొటో తీసుకుని మేనేజర్‌ను అడగండి, ఆయనా కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వందకే కదా అని వదిలేయొద్దు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉద్యోగిని, కాజీపేటలో ఉంటాను. రెండు వేల రూపాయల సరుకుల కూపన్ గెలిచారని వాట్సాప్‌లో వచ్చింది. కోడ్ స్కాన్ చేసి యూపీఐ పిన్ కొడితే డబ్బు ఖాతాలో పడుతుందట. చేయవచ్చా?

జవాబు: వద్దు సార్, దయచేసి ఆ కోడ్ స్కాన్ చేయకండి. పిన్ కొట్టేది మన ఖాతాలోంచి డబ్బు పోవడానికే, రావడానికి పిన్ అక్కర్లేదు. ఇప్పటికే కొట్టి ఉంటే ఇది చదవడం ఆపి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.