పెల్లెట్ పొయ్యి పెట్టుకోబోతున్న మేనల్లుడికి

నరసన్నపేట

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కవిటిలో పాత ఇల్లు బాగుచేయిస్తూ వంటింట్లో పెల్లెట్ పొయ్యి పెట్టాలనుకుంటున్నావనీ, ఏ కంపెనీది కొంటే మంచిదో నన్ను అడగమన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. 2017 నుంచి మా ఇంట్లో రెండు పూటలా ఆ పొయ్యి వెలుగుతోంది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను గాని, కంపెనీ పేరు మాత్రం ఈ ఉత్తరంలో దొరకదు. పెల్లెట్లంటే రంపపు పొట్టునో ఊకనో గట్టిగా నొక్కి చేసిన చిన్న ముక్కలు. వాటితో మండే పొయ్యి అంటే ఒక ఉక్కు డబ్బా, దాని లోపల కింద కొన్ని, పైన కొన్ని కంతలున్న గొట్టం, అడుగున అరచేయంత ఫ్యాను. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. ఎవరు చేసినా దాదాపు అదే. ఆ డబ్బాలో ఏడాది పొడవునా ఏమి వేస్తావు, అది ఎక్కడి నుంచి వస్తుంది, వానాకాలంలో దాన్ని ఎక్కడ దాస్తావు అన్న మూడింటికీ జవాబు దొరికాకే పొయ్యికి డబ్బు కట్టు.

ముందు లెక్క చూడు. గ్యాసులో కిలోకు సుమారు 11,000 కిలో క్యాలరీల వేడి ఉంటుంది, గ్యాసు పొయ్యి అందులో మూడింట రెండు వంతుల దాకా గిన్నెకు అందిస్తుంది. రంపపు పొట్టుతో చేసిన పెల్లెట్లలో కిలోకు 4,000 నుంచి 4,500 దాకా, ఊకతో చేసినవాటిలో 3,500 ప్రాంతంలో ఉంటుంది. ఫ్యాను ఉన్న పొయ్యి ఆ వేడిలో కనీసం 35 శాతాన్ని, ఫ్యాను లేనిది కనీసం 25 శాతాన్ని గిన్నెకు చేర్చాలని ఇలాంటి పొయ్యిలకు మన దేశంలో పెట్టిన ఐఎస్ 13152 ప్రమాణం చెబుతుంది. ఇవన్నీ వేసి చూస్తే 14.2 కిలోల సిలిండరు చేసే పనికి రంపపు పొట్టు పెల్లెట్లు 70 కిలోలు, ఊకవైతే 85 కిలోల దాకా కావాలి. నీకు ఎవరైనా కిలో ధర చెప్పగానే దాన్ని 70తో, ఊకవైతే 85తో గుణించి, ఆటో కిరాయి కలిపి, సిలిండరు ధర పక్కన పెట్టి చూసుకో. రెండూ సమానంగా వస్తే పొయ్యి ఆలోచన మానుకో, ఎందుకంటే వెలిగించడానికీ తుడవడానికీ పట్టే శ్రమకు ఆ లెక్కలో చోటు లేదు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రూపుదిద్దుకున్న ఊర్జా అనే పెల్లెట్ పొయ్యి ఇరవై ఏళ్ల కిందట లక్షల ఇళ్లకు చేరింది. పొయ్యిలో లోపం పెద్దగా లేదు, తర్వాత పెల్లెట్ల ధర పెరగడంతో చాలామంది దాన్ని మూలన పెట్టారు. ఇప్పుడు ఇంకో సంగతి కూడా ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రాలు బొగ్గుతో పాటు 5 శాతం పెల్లెట్లు కలిపి కాల్చాలని 2021లో కేంద్రం విధానం తెచ్చింది కాబట్టి, లారీల లెక్కన కొనేవాళ్లు ఉండగా నీ నాలుగు బస్తాల కోసం ఏ వ్యాపారీ ఎదురుచూస్తూ కూర్చోడు. దగ్గరలో కనీసం ఇద్దరు అమ్మేవాళ్లు ఉండేలా చూసుకో.

ఇక పెల్లెట్లను ఎలా ఎంచాలో చెబుతాను. ఇంటి పొయ్యికి పెన్సిలంత లావు, అంటే 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉన్నవి సరిపోతాయి. బాయిలర్లకు చేసే బొటనవేలంత లావువి తక్కువకు వస్తున్నాయని తెచ్చుకోకు, అవి ఆ చిన్న గొట్టంలో సరిగ్గా అంటుకోవు. ఒక ముక్కను రెండు చేతులా పట్టుకుని విరిస్తే టక్కున విరగాలి, వేళ్లకు పొడి అంటకూడదు. గ్లాసెడు నీళ్లలో వేస్తే మునగాలి. తేలిందంటే సరిగ్గా నొక్కలేదన్నమాట. మునిగిన ముక్క కొద్దిసేపట్లో ఉబ్బి పొట్టుగా విడిపోతే కంగారు పడకు, చెక్క పెల్లెట్ల తీరే అంత. తేమ 10 శాతం లోపు ఉండాలి. బస్తా అడుగున చేయి పెట్టి చూడు, అక్కడ గుప్పెళ్ల కొద్దీ పొడి తగిలితే ఆ సరుకు వద్దు. కొద్దిగా ఉంటే జల్లించి వాడుకోవచ్చు, జల్లించకుండా వేస్తే మాత్రం పొడి గాలి దారులను మూసి పొగ పెడుతుంది.

మన వైపు ధాన్యం మిల్లులు ఎక్కువ కాబట్టి ఊక పెల్లెట్లే ముందు దొరుకుతాయి. అవి మండవని కాదు గాని, ఊకలో 15 నుంచి 20 శాతం బూడిదే. 600 గ్రాములు వేస్తే సుమారు నూరు గ్రాముల బూడిద మిగులుతుంది, అదీ పెల్లెట్ ఆకారం చెడకుండా అలాగే నిలబడి గొట్టాన్ని నింపేస్తుంది. మంట మరీ పెద్దదిగా పెడితే ఆ బూడిద కరిగి, కొలిమి అడుగున ఇనుప చిట్టెం కట్టినట్టు గాజులా గట్టిపడి కంతలకు అంటుకుంటుంది. సరుగుడు, మామిడి కోసే కలప మిల్లుల పొట్టుతో చేసినవాటిలో బూడిద ఒకటి రెండు శాతానికి మించదు. ధర కాస్త ఎక్కువైనా నేను వాటికే మొగ్గుతాను. ప్లైవుడ్ ముక్కల పొట్టు కలిసినవి మాత్రం వద్దు, వాటిలో జిగురు ఉంటుంది. పలాస దగ్గరే కదా, జీడితొక్క చవకగా వస్తుంది, అదీ కాస్త కలుపుదామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఆ తొక్కలో ఉండే రసం చేతికి తగిలితేనే బొబ్బలెక్కుతుంది, దాని పొగ వంటింట్లో పనికిరాదు.

నిలవ గురించి మరింత గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నీ ఇల్లు సముద్రానికి దగ్గర. పెల్లెట్‌కు ప్రథమ శత్రువు తేమ. మొదటి ఏడాది నేను జూన్‌లో ఆరు బస్తాలు తెచ్చి సావిడిలో గోడకు ఆనించి పెట్టాను. ఆగస్టులో మూడో బస్తా విప్పేసరికి పైన పెల్లెట్లు, కింద తడిసిన పొట్టు, గోడ వైపు తెల్లటి బూజు కనిపించాయి. రెండు బస్తాలు పెరట్లో ఎరువుకుప్పకు పోయాయి. ఇప్పుడు మే నెలలోనే, ఎండలు ఉండగానే, అక్టోబరు దాకా సరిపడే సరుకు తెచ్చి, లోపల ప్లాస్టిక్ సంచి ఉన్న బస్తాల్లో మూతి బిగించి కట్టి, నేలకు జానెడు ఎత్తున చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేరుస్తున్నాను. వారానికి సరిపడినవి మాత్రం మూత ఉన్న డబ్బాలోకి తీసుకుంటాము. మీ ఇంట్లో అటక ఉంది కాబట్టి నీకు చోటు కొరత లేదు.

పొయ్యిని ఎక్కడ పెట్టాలన్నది తాపీ మేస్త్రీకి వదిలేయకు. నీ వంటింట్లో తూర్పు కిటికీ పక్కన సిమెంటు గట్టు కట్టించి, దాని మీద పొయ్యి, పొయ్యి పైన రేకుతో పొగ గూడు, గూడు నుంచి పైకి గొట్టం వచ్చేలా చేయించు. మంట మంచిగా ఉన్నప్పుడు పొగ దాదాపు ఉండదు, కానీ వెలిగించేటప్పుడూ ఆరేటప్పుడూ ఉంటుంది. ఆ పది నిమిషాల కోసమే గొట్టం. అది పెంకుల మధ్య నుంచి పోయేచోట వాసాలకు జానెడు ఖాళీ వదిలి, చుట్టూ రేకు పట్టీ వేయించు. పై చివర ఇంటి కొప్పు కంటే రెండడుగులు ఎత్తులో ఉండి, మీద వానకు టోపీ ఉండాలి. మామూలు జింకు పూత రేకు ఉప్పుగాలికి త్వరగా చిల్లులు పడుతుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు వేయించు. గొట్టం ముక్కలు కలిపేచోట పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగాలి. మా ఇంట్లో గొట్టం బిగించిన మనిషి, పొగ పైకి సాఫీగా పోతుందంటూ దాన్ని తిరగేసి బిగించాడు. మొదటి వానకే గొట్టం లోపల పేరుకున్న నల్లటి జిగురు అతుకుల్లోంచి కారి, మీ అత్తయ్య పండక్కి సున్నం వేయించిన గోడ మీద పైనుంచి కిందికి గీతలు పడ్డాయి. ఆ గీతలు రెండు సున్నాలకు కూడా పోలేదు.

1980లలో ప్రభుత్వం ఊరూరా పొగరాని పొయ్యిలు వేయించింది, మీ అమ్మకు గుర్తుండే ఉంటుంది. మట్టి పొయ్యి, దానికి గొట్టం. గొట్టాన్ని ఎవరూ దులపలేదు, మసి నిండి పొగ తిరిగి వంటింట్లోకే వచ్చింది, చాలామంది గొట్టం పీకి పాత పొయ్యినే వెలిగించుకున్నారు. నీ గొట్టాన్ని రెండు నెలలకొకసారి పొడుగాటి వెదురుకు కట్టిన గోనెగుడ్డతో దులపాలి. ఆ పని తేలికగా జరగడానికి కింది చివర విప్పుకునే మూత పెట్టించు.

ఫ్యాను 12 వోల్టులది, నాలుగైదు వాట్లు మాత్రమే తీసుకుంటుంది, కానీ అది ఆగితే పొయ్యి నుంచి వచ్చేది పొగే. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలను నేలకు పరిచి, కరెంటును రోజుల తరబడి లేకుండా చేసిన సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు. అప్పుడు మా పక్కింట్లో సిలిండరు అయిపోయింది, కొత్తది తెచ్చే దారి లేదు. మా పొయ్యి మాత్రం యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీతో నడిచి, రెండిళ్లకూ చోడి (రాగి) అంబలి కాచింది. ఆ బ్యాటరీలో సగమే వాడుకున్నా రోజుకు మూడు గంటల లెక్కన మూడు రోజులు వస్తుంది. ఒకటి కొని ఎప్పుడూ ఛార్జిలో ఉంచు. తగిలించేటప్పుడు ఎరుపు, నలుపు తీగలు తారుమారు కానివ్వకు. నెలకొకసారి ఫ్యాను విప్పి పాత పళ్లబ్రష్షుతో రెక్కలు తుడవాలి. పిండీ నూనెతడీ కలిసి రెక్కల మీద ఒక మైనం లాంటి పొర కడుతుంది, మంట రోజురోజుకూ చిన్నబోతోందంటే పది సార్లకు తొమ్మిది సార్లు కారణం అదే.

వెలిగించే తీరు కట్టెల పొయ్యికి పూర్తిగా విరుద్ధం. ఇక్కడ నిప్పు పైన పెట్టాలి. పొయ్యి లోపలి గొట్టంలో పెల్లెట్లను పై వరుస కంతలకు వేలెడు కింది వరకు పోసి, వాటి మీద ఎండిన కొబ్బరి పీచు పలచగా పరిచి, మధ్యలో రెండు కర్పూరం బిళ్లలు పెట్టి అంటించాలి. ఫ్యానును మొదట అతి తక్కువలో ఉంచు. రెండు మూడు నిమిషాల్లో పైపొర అంతా ఎర్రబడ్డాక కొద్దికొద్దిగా పెంచితే, పసుపు మంట పోయి పై కంతల దగ్గర పొట్టి పొట్టి నాలుకలు గుండ్రంగా లేస్తాయి. అది కుదిరిందంటే కింది పెల్లెట్ల నుంచి వచ్చే వాయువు పై గాలితో కలిసి మండుతోందన్నమాట, గిన్నె అప్పుడు పెట్టు. కిరసనాయిలు, పెట్రోలు పొయ్యి దగ్గరికి రానివ్వకు, ముఖ్యంగా పొయ్యి వేడిగా ఉన్నప్పుడు. 600 గ్రాములు గంటసేపు మండుతాయి. మధ్యలో గుప్పెడు వేయవచ్చు, అంతకు మించి గుమ్మరిస్తే మంట అణిగి ఇల్లంతా పొగ నిండుతుంది. ఉలవలు ఉడకబెట్టడానికీ, స్నానాల నీళ్లకూ, చుట్టాలు వచ్చినప్పుడు పెద్ద గిన్నెలో అన్నానికీ దీన్ని మించింది లేదు. ఒక్క కప్పు టీ కోసం మాత్రం దీన్ని వెలిగించకు. గ్యాసు కనెక్షను ఉండనీ.

మంట ఆగిపోయాక అడుగున ఎర్రటి నిప్పులు మిగులుతాయి. పొగ కనిపించదు, వాసన రాదు, కానీ కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా వచ్చేది అప్పుడే. ఫ్యాను ఆపకుండా నిప్పు బూడిదయ్యే దాకా నడిపించు, కిటికీ తెరిచే ఉంచు. పుష్యమాసపు చలిలో మీ నాన్నగారికి కాళ్లు కాచుకోవాలనిపించినా సరే, ఆ నిప్పులను తలుపులు మూసిన గదిలోకి ఎవరూ తీసుకుపోకూడదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. అమ్మాయికి ఈ సంగతి విడిగా కూర్చోబెట్టి చెప్పు.

వేడి పొయ్యిలో నీళ్లు పోయకూడదని కూడా చెప్పు. ఒకసారి ఊరికి బయలుదేరే తొందరలో నేనే చెంబెడు నీళ్లు కుమ్మరించాను. లోపలి పింగాణీ గొట్టం ఠప్పుమని చీలింది, కొత్తది వచ్చేదాకా ఇరవై రోజులు ఆగాల్సి వచ్చింది. బూడిదను మూత ఉన్న రేకు డబ్బాలోకి ఎత్తి మర్నాటి దాకా ఉంచి, తర్వాతే బయటికి తియ్యాలి, లోపల నిప్పురవ్వ దాగి ఉంటే పక్కనున్న గడ్డివాముకు ప్రమాదం. చెక్క బూడిదను కొబ్బరి మొదళ్లకు వేసుకో, ఊక బూడిద గిన్నెలు తోమడానికి బాగుంటుంది. కంతలను వారానికొకసారి మేకుతో పొడిచి, గొట్టాన్ని బోర్లించి తట్టు.

నీకు దగ్గరలో పెల్లెట్లు చేసే మిల్లు ఎన్ని ఉంటే అన్నింటి దగ్గరా రెండేసి కిలోలు కొని, వేర్వేరు సంచుల్లో కట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి పెట్టి, వచ్చే ఆదివారం మీ అమ్మ బస్సులో వస్తున్నప్పుడు పంపించు. ఒక్కొక్కటీ మా పొయ్యిలో వేసి, ఎంతసేపు మండిందో, ఎంత బూడిద మిగిలిందో తూచి రాస్తాను. పొయ్యికి అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య