డిలీట్ కానని మొండికేసే ఫైళ్లు

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియో 14 జీబీ ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాక ల్యాప్‌టాప్‌లోది తీసేద్దామంటే ‘ఈ ఫైల్ వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది’ అని వస్తోంది. అన్నీ మూసేశాను, అయినా అదే మాట. నెట్‌లో ‘ఫోర్స్ డిలీట్’ సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఏది వేసుకోమంటారు?

ఏదీ వద్దండీ. ఎవరు తయారు చేశారో తెలియని సాఫ్ట్‌వేర్‌కు ఒక్క ఫైల్ కోసం అడ్మిన్ అనుమతి ఇస్తే మొత్తం కంప్యూటర్ తాళాలు దాని చేతికి ఇచ్చినట్టే. మీకు కావాల్సినవన్నీ విండోస్‌లోనే ఉన్నాయి.

ఏదైనా ప్రోగ్రామ్ ఒక ఫైల్‌ను తెరిస్తే విండోస్ దానికి ‘హ్యాండిల్’ అని పట్టుకునే పిడి లాంటిది ఒకటి ఇస్తుంది. ఆ ప్రోగ్రామ్ హ్యాండిల్‌ను వదిలేదాకా మామూలుగా ఫైల్‌ను తీసేయనివ్వదు. లైనక్స్, మ్యాక్‌లలో అలా కాదు. తెరిచి ఉన్న ఫైల్‌నైనా తీసేయొచ్చు. పేరు వెంటనే పోతుంది, డిస్క్‌లో చోటు మాత్రం వాడుతున్న ప్రోగ్రామ్ మూశాకే ఖాళీ అవుతుంది.

మీరు అన్నీ మూసేశానంటున్నారు. వీడియోల విషయంలో చాలాసార్లు ఫైల్‌ను పట్టుకుని కూర్చునేది మనకు ఫోల్డర్లు చూపించే ఫైల్ ఎక్స్‌ప్లోరరే. బొమ్మ చూపించడానికి తనే వీడియోను తెరుస్తుంది. కుడిపక్క ప్రివ్యూ కనిపిస్తుంటే ఆల్ట్, పీ కలిపి నొక్కి దాన్ని మూసేయండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో అదే ‘విండోస్ ఎక్స్‌ప్లోరర్’ అనే పేరుతో ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి. స్క్రీన్ ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తుంది, టెన్షన్ పడకండి. ఇప్పుడు డిలీట్ చేసి చూడండి.

అప్పటికీ పోకపోతే స్టార్ట్ మెనూలో ‘రిసోర్స్ మానిటర్’ అని వెతికి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ దగ్గర వెతికే గడి ఉంటుంది. అందులో ఫైల్ పేరులో ఒక ముక్క కొడితే పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు బయటపడుతుంది. వెనకాల ఇంకా నడుస్తున్న వీడియో ప్లేయరో, క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్న సింక్ ప్రోగ్రామో, స్కాన్ చేస్తున్న యాంటీవైరసో అయ్యుంటుంది. ప్లేయరైతే ఆపేయండి, సింక్ అయితే కాసేపు పాజ్ చేయండి. ‘సిస్టమ్’ అని కనిపిస్తే మాత్రం దాన్ని ముట్టుకోకుండా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం సరిపోదు. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉన్నచోట షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం కొంత డిస్క్‌లో భద్రంగా దాచుకుని మళ్లీ అదే తెరుచుకుంటుంది. రీస్టార్ట్‌లోనే అంతా కొత్తగా మొదలవుతుంది.

ఇంకొక్క మాట. డిలీట్ చేసేముందు హార్డ్‌డిస్క్‌లోని కాపీని మొదట, మధ్యలో, చివర కాసేపు ఆడించి చూడండి. ఆ రోజు మళ్లీ రాదు కదా.

పాత ఫొటోల ఫోల్డర్‌ను తీసేయబోతే పేరు మరీ పొడవుగా ఉందంటోంది. నేను పెట్టినవన్నీ చిన్న చిన్న తెలుగు పేర్లే. ఎందుకిలా?

మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇది తెలుగువాళ్లకు త్వరగా ఎదురయ్యే చిక్కు. విండోస్‌లో డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు చివరిదాకా మొత్తం దారికి పాత పరిమితి 260 అక్షరాలు. అయితే కంప్యూటర్ మనలా లెక్కపెట్టదు. ‘లక్ష్మి’ మన కంటికి రెండే అక్షరాలు. దానికి మాత్రం ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘లక్ష్మి పెళ్లి ఫొటోలు’ లాంటి ఫోల్డర్లు ఒకదాంట్లో ఒకటి నాలుగైదు పెడితే ఆ హద్దులో దాదాపు సగం అయిపోతుంది. తర్వాత ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో లోతైన ఫోల్డర్‌లోకి జరిపినప్పుడు లోపలి ఫైళ్లు హద్దు దాటేస్తాయి.

పరిష్కారం తేలిక. బయటి ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కదాని పేరు 1, 2, 3 అని మార్చుకుంటూ లోపలికి వెళ్లండి. దారి పొట్టిదై డిలీట్ పనిచేస్తుంది. అలా మార్చలేనన్ని ఉంటే ఫైళ్లను కుదించడానికి ఉచితంగా దొరికే సెవెన్‌జిప్ ప్రోగ్రామ్‌ను దాని సొంత సైట్ నుంచే దించుకుని, దాని ఫైల్ మేనేజర్‌లో ఫోల్డర్‌ను ఎంచుకుని షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి. ఇలా పోయినవి రీసైకిల్ బిన్‌లోకి రావు కాబట్టి సరైన ఫోల్డర్‌నే ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. దీన్ని చూసి తెలుగులో పేర్లు పెట్టడం మాత్రం మానొద్దు. ఫోల్డర్ల లోతు తగ్గించుకుంటే చాలు.

మాది డీటీపీ సెంటర్. పోయినవారం విండోస్ 11కి మారాం. సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్ చాలా చోటు తింటోంది. తీసేయబోతే అనుమతి లేదంటోంది.

అది మీ పాత విండోస్. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి 10 రోజులు ఉంచుతారు, ఆ తర్వాత అదే పోతుంది. ఫోల్డర్ ఓనర్‌షిప్ మార్చి చేత్తో చెరిపే ప్రయత్నం చేయకండి. తొందరైతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ దగ్గర టిక్ పెట్టి తీసేయండి. ఈలోగా మీ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, పాత ఫాంట్లు, ప్రింటరు, స్కానరు కొత్త విండోస్‌లో సరిగా నడుస్తున్నాయో లేదో పూర్తిగా చూసుకోండి. ఆ ఫోల్డర్ పోయాక పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి ఉండదు.