పాత ల్యాండ్ రోవర్లకు తుప్పు పట్టదా?

పడుతుంది: బాడీ రేకులు చాలావరకు అల్యూమినియం మిశ్రమానివి కాబట్టి వాటికి ఎర్రతుప్పు రాదు గానీ, బండిని మోసే ఛాసిస్ స్టీలుది. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో ఈ బండి తొలిసారి జనం ముందుకొచ్చేనాటికి బ్రిటన్‌లో యుద్ధం తర్వాతి స్టీలు కరువు. అల్యూమినియం మాత్రం సులువుగా దొరికేది. అందుకే రోవర్ కంపెనీ రేకులకు బర్మాబ్రైట్ అనే అల్యూమినియం-మెగ్నీషియం మిశ్రమం వాడింది.

ఉదాహరణకు, సిరీస్ 2 అనే పాత మోడల్ ల్యాండ్ రోవర్ కొనబోతుంటే పెయింట్ మెరుపు చూసి మురిసిపోకండి. కిందికి వంగి ఛాసిస్ చివరి అడ్డకమ్మీని చిన్న సుత్తితో తట్టండి. గట్టి లోహమైతే ఖంగుమంటుంది; తుప్పు తిన్నదైతే మొద్దుగా మోగి పొరలు రాలుస్తుంది. ఛాసిస్ లోపల బోలుగా ఉంటుంది కనుక అందులో చేరిన బురద, తడి ఓ పట్టాన ఆరవు. కాళ్ల ముందుండే బల్క్‌హెడ్ (ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే అడ్డుగోడ) కూడా స్టీలే, దాన్నీ వదలొద్దు.

అల్యూమినియం అసలు చెడదనుకోవడం చాలామంది పొరపాటు. స్టీలును ఆనుకున్న చోట తడి చేరితే ముందు తినేసేది అల్యూమినియాన్నే; పెయింట్ ఉబ్బి, గీకితే తెల్లటి పొడి రాలుతుంది. అయినా ఈ బండి గొప్పతనం ఏమిటంటే, ఛాసిస్ పూర్తిగా పోయినా గాల్వనైజ్డ్‌ది, అంటే జింకు పూత పూసినది, కొత్తగా వేయించి మళ్లీ రోడ్డెక్కించవచ్చు.