థైరాయిడ్ ఉంటే బోక్ చోయ్ తినకూడదా?

ప్రశ్న: నా వయసు 36. న్యూజెర్సీలో ఉంటాం. హైపోథైరాయిడ్‌కి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. చలికాలంలో ఇక్కడి చైనీస్ స్టోర్‌లో బోక్ చోయ్, గై లాన్, నాపా క్యాబేజీ లాంటి ఆకుకూరలు లేతగా దొరుకుతాయి. తరచూ వండుతుంటాను. ఇవన్నీ క్యాబేజీ జాతివని, థైరాయిడ్ ఉన్నవాళ్లు ముట్టకూడదని అత్తయ్యగారు అంటున్నారు. మావారికి నిరుడు కిడ్నీలో రాయి వచ్చింది. అందుకని ఆయనకు మాత్రం తోటకూర, పాలకూరే వండుతున్నాను. ఇది సరైనదేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తయ్యగారి భయం ఊరికే పుట్టింది కాదు. క్యాబేజీ జాతి ఆకుల్లో గ్లూకోసినోలేట్లు అనే సహజ రసాయనాలు ఉంటాయి. పచ్చిగా నమిలితే ఆకులోని ఎంజైమ్ వాటిని విడగొడుతుంది. అప్పుడు తయారయ్యే పదార్థాల్లో కొన్ని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడతాయి. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు వచ్చింది. 88 ఏళ్ల చైనీస్ మహిళ ఒకరు షుగర్ అదుపులో ఉంటుందని నెలల తరబడి రోజుకు కిలో నుంచి కిలోన్నర బోక్ చోయ్ పచ్చిగా తిన్నారు. చివరికి థైరాయిడ్ బాగా మందగించి, ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రిలో చేరారు.

మీరు తినేది కప్పుడు కూర, అదీ వండి. వేడికి ఆ ఎంజైమ్ చాలావరకు పని చేయదు. పైగా మీకు కావాల్సిన హార్మోన్ మాత్రతో అందుతోంది కాబట్టి టెన్షన్ వద్దు, నిక్షేపంగా తినండి. మాత్ర మాత్రం పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాకే కాఫీ తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే హార్మోన్) ఎందుకు తగ్గడం లేదని అడిగేవారిని నేను ముందు అడిగేది కాఫీ గురించే.

అసలు మార్చాల్సింది మీవారి కంచంలో కూర. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వి. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్ బాగా ఎక్కువ. చైనీస్ స్టోర్‌లో యిన్ చోయ్ పేరుతో అమ్మేది మన తోటకూరే, సాన్ చోయ్ అంటే బచ్చలి. పేరు కొత్తగా ఉందని మోసపోకండి. బోక్ చోయ్, గై లాన్‌లలో ఆక్సలేట్ తక్కువ, వాటిలోని కాల్షియం ఒంటికి బాగా పడుతుంది కూడా. మీరు భయపడి మానేద్దామనుకున్న కూరే ఆయనకు పెట్టాల్సింది! తోటకూర మీద మరీ మనసు పోతే ఎప్పుడైనా ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి, పెరుగుతో కలిపి తినమనండి. పెరుగులోని కాల్షియం కొంత ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేస్తుంది.

వండే పద్ధతిలో ఒక జాగ్రత్త. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే హద్దు 2000. ఉప్పు పెరిగితే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా పోతుంది, రాళ్లు వచ్చేవారికి అది మంచిది కాదు. ఆయిస్టర్ సాస్ కూడా ఉప్పగానే ఉంటుంది. నా మాట వింటే ఆ సాసులు పక్కన పెట్టి మన తాలింపే వేయండి. బోక్ చోయ్ కాడల మొదట్లో ఇసుక ఉంటుంది, రెబ్బలు విడదీసి నీళ్లలో జాడించి పైకి తీయండి. వెల్లుల్లి, ఎండుమిర్చి వేగాక ముందు కాడలు వేసి, పెద్ద మంట మీద ఒక నిమిషం తర్వాత ఆకులు వేయండి. మూత పెడితే నీళ్లూరి మెత్తబడుతుంది. గై లాన్ కాడ లావు కాబట్టి నిలువునా చీల్చాలి. చలి తగిలిన ఆకులు తియ్యగా ఉంటాయి, ఉప్పు తక్కువైనా లోటు తెలియదు.

అత్తయ్యగారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్ర వాడుతుంటే మాత్రం ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు, తగ్గించొద్దు. విటమిన్ కె మారితే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) అటూఇటూ అవుతుంది.

మీవారి రాయి ఏ రకమో పరీక్ష చేయించారా? చేయించకపోతే యూరాలజిస్ట్‌ను అడగండి. యూరిక్ యాసిడ్ రాయి అయితే పై ఆక్సలేట్ లెక్క ఆయనకు వర్తించదు.