బుజ్జీ, హాల్ టికెట్ వచ్చేదాకా ఆగకు

బుజ్జీ,

విజయవాడలో బీఏలో చేరావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. స్క్రైబ్, అంటే చూపు సరిగా లేని నీకు పరీక్షలో నువ్వు చెబుతుంటే రాసిపెట్టే మనిషి, ఆ సంగతి పరీక్షలప్పుడు చూసుకుందాంలే అన్నావట, అందుకే ఈ ఉత్తరం. గుంటూరులో పాఠాలు చెప్పినన్నాళ్లూ పరీక్షల డ్యూటీ చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, హాల్ టికెట్ చేతికొచ్చాక పరిగెత్తుకొచ్చే పిల్లలకి ఆఫీసువాళ్లు ఎంత మంచివాళ్లైనా చేయగలిగింది తక్కువ. అప్పటికి గదులు వేసేసి ఉంటారు, ఇన్విజిలేటర్ల లిస్టు అయిపోయి ఉంటుంది, నీకోసం అదనంగా గంట కూర్చునే మనిషిని అప్పటికప్పుడు ఎక్కడినుంచి తెస్తారు? ఈ వారమే అడుగు. నోటితో కాదు, కాగితం మీద.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ ఉన్నాయి కదా, ఇక చాలు అనుకోకు. పరీక్షల గురించి 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పూర్తిగా చూపు లేనివాళ్లు, రెండు చేతులకూ ఇబ్బంది ఉన్నవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు అడిగితే చాలు స్క్రైబ్‌ని ఇవ్వాల్సి ఉండేది. నీలాగా కొంచెం చూపు ఉన్నవాళ్లకి మాత్రం ఇంకో కాగితం కావాల్సి వచ్చేది: ఈ అమ్మాయికి రాయడంలో ఇబ్బంది ఉంది, స్క్రైబ్ తప్పనిసరి అని ప్రభుత్వ ఆస్పత్రి సూపరింటెండెంటో సివిల్ సర్జనో సంతకం పెట్టి ఇచ్చేది. చాలామంది పిల్లలు ఇక్కడే ఇరుక్కుంటారు. 2025లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు ఏ నమూనా వాడుతున్నారో కాలేజీలో కనుక్కో, దాన్ని ప్రింట్ తీయించి చేతిలో పట్టుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది. మీ క్లాసులో ఎవరికైనా సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం రాలేదని దిగులుంటే, 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 40 శాతం లేకపోయినా రాయలేని ఇబ్బంది ఉంటే స్క్రైబ్ ఇవ్వొచ్చంది, 2022లో వాళ్లకోసం విడిగా మార్గదర్శకాలూ వచ్చాయి అని చెప్పు.

ఉత్తరం ప్రిన్సిపాల్ పేరు మీద రాయి. మీది సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే పరీక్షల కంట్రోలర్‌కి కూడా ఒక కాపీ ఇవ్వు, కాకపోతే ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీకి పంపమని అడుగు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్ గురించి చెబుతుంది, ఆ సంగతి రెండు ముక్కల్లో రాస్తే చాలు. గంటకి 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట, స్క్రైబ్, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, కింది అంతస్తులో గది కావాలని అడుగు. మిడ్ పరీక్షలకి కూడా అని తప్పకుండా రాయి, ఎక్కువమంది సెమిస్టర్ ఒక్కటే రాసి ఇంటర్నల్ మార్కులు పోగొట్టుకుంటారు. అన్నీ జిరాక్సులే ఇవ్వు, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు, నీ దగ్గరుండే కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకో. మీ అమ్మని వెంట తీసుకెళ్లు, కానీ మాట నువ్వే మాట్లాడు.

ఇక స్క్రైబ్. కాలేజీ ఇచ్చేవాళ్లని తీసుకోవచ్చు, వాళ్లు ఒప్పుకుంటే మన మనిషిని తెచ్చుకోవచ్చు, నన్నడిగితే రెండోదే నయం. 2018 మార్గదర్శకాల్లో అయితే మనం తెచ్చుకునే మనిషి నీకన్నా ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలని ఉండేది, ఇప్పుడు ఎంత తక్కువ ఉండాలో కాలేజీలో కనుక్కో, దానికి హామీపత్రం కూడా ఇవ్వాలి. రాత బాగున్న పిల్లని ఇప్పుడే చూసుకో, ఆ పిల్లకి జ్వరమొస్తే రావడానికి ఇంకొకరిని కూడా అనుకుని ఉంచు.

మనిషి దొరికితే సగం పనే అయినట్టు. చెప్పి రాయించడం వేరే విద్య, అది ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలి. నువ్వు గడగడా గౌతమీపుత్ర శాతకర్ణి అనేస్తే ఆ పిల్ల దీర్ఘం మింగేసి శతకర్ణి అని రాస్తుంది, దిద్దేవాళ్లు నీకు రాదనుకుంటారు. పేర్లన్నీ అక్షరం అక్షరం పలుకు. ముందు పేపర్ మొత్తం మార్కులతో సహా చదివించుకుని, ఏది ముందు రాయాలో అనుకున్నాకే మొదలుపెట్టు. వాక్యాలు చిన్నవిగా చెప్పు, కొత్త పేరా అను, హెడ్డింగ్ కింద గీత కొట్టమను, ఒక్కో జవాబు అయ్యాక చివరి రెండు లైన్లూ చదివించుకో. ఆ పిల్ల చేయి ఎక్కడ నెమ్మదిస్తోందో నీ చెవికి తెలియాలి, అది పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయిస్తేనే వస్తుంది.

క్లాసు సంగతి పెద్ద కష్టం కాదు. పీపీటీలు ముందురోజే పంపమని, బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయమని లెక్చరర్లని అడుగు. తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ల్యాప్‌టాప్‌లో వేయించుకో. చూపులేనివాళ్లు చదువుకోడానికి పుస్తకం స్కాన్ చేసుకోవడం కాపీరైట్ చట్టం ప్రకారం తప్పు కాదు, జిరాక్స్ షాపువాడు భయపడితే ఆ మాట చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. ఎదురు తిరిగి కాదనేవాళ్లతో నీకు అంత కష్టం రాదు, నవ్వుతూ "ఎందుకమ్మా ఇదంతా, మేం చూసి మార్కులేస్తాంలే" అనేవాళ్లు ఉంటారు. వాళ్లది ప్రేమే, అయినా ఒప్పుకోకు. నువ్వు రాసిన దానికి వచ్చిన మార్కులు కావాలి నీకు. "థాంక్యూ సార్, కానీ నాకు టైమ్ ఇప్పించండి, నేనే రాస్తాను" అను.

ఉత్తరం రాసి ఇచ్చే ముందు వాట్సాప్‌లో నాకు పంపు, చూసి చెబుతాను. స్క్రైబ్ కుదిరితే వచ్చే ఆదివారం ఆ పిల్లని కూడా వెంటపెట్టుకుని బ్రాడీపేట వచ్చేయండి, పాత హిస్టరీ పేపర్ ఒకటి తెచ్చుకోండి.

మీ పెద్దమ్మ